క్-యా-ట్ కలిపి చెప్పలేకపోతోంది, పాపకి ప్రాబ్లమా?

బెజవాడ_అమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకి నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల మిస్ "ఫొనెమిక్ అవేర్‌నెస్ వీక్‌గా ఉందండీ, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి" అన్నారు. అంటే మాటలోని ధ్వనుల్ని విడివిడిగా గుర్తుపట్టడమట. రిపోర్టు కార్డులో కూడా అదే రాసి కింద ఎర్ర ఇంకుతో గీత గీశారు. "క్... యా... ట్" అని విడివిడిగా పలికి ఇదేం మాట అని అడిగితే బిక్కమొహం వేస్తోందట. "సన్"లో మొదటి సౌండ్ ఏంటి అంటే "సూర్యుడు" అందట!

ఇంట్లో చూస్తే మాటల పుట్ట. వాళ్ల అమ్మమ్మతో మాటల అంత్యాక్షరి ఆడుతుంది. ఆవిడ "పలక" అంటే ఇది "కడవ", ఆవిడ "వల" అంటే ఇది "లడ్డు". అక్కడితో ఆట ఆగిపోతుంది, లడ్డు కావాలంటుంది కాబట్టి. రోజూ చెప్పే కథలో ఒక్క మాట మార్చినా ఊరుకోదు.

మా వారు ఫోనిక్స్ (ధ్వనులు కలిపి ఇంగ్లీషు చదవడం నేర్పే పద్ధతి) ట్యూషన్ పెట్టిద్దాం అంటున్నారు, నెలకి రెండు వేలట. మా అత్తగారేమో "నాలుగేళ్ల పిల్లకి ట్యూషనేంటే, నవ్విపోతారు" అంటున్నారు. గూగుల్ చేస్తే డిస్లెక్సియా (చదవడంలో వచ్చే ఇబ్బంది) అని ఏవేవో వస్తున్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సిద్దిపేట_బాబాయ్

నాలుగున్నరేళ్ల పిల్లకి ఎర్ర ఇంకా? ముందు ఆ కార్డు తీసుకెళ్లి బీరువాలో పెట్టెయ్యి తల్లీ.

మాటల_డాక్టరమ్మ

బెజవాడ అమ్మగారూ, నేను వరంగల్‌లో స్పీచ్ థెరపిస్టుని. పాపని చూడకుండా తేల్చి చెప్పడం పద్ధతి కాదు గానీ, మీరు రాసినదాన్ని బట్టి కంగారు పడాల్సింది నాకేమీ కనబడట్లేదు. పైగా ఆ అంత్యాక్షరి చాలా మంచి గుర్తు.

ప్రతి మాటకీ అర్థం ఉంటుంది, వినబడే తీరు ఉంటుంది. చిన్నపిల్లల దృష్టంతా అర్థం మీదే. "సన్" అనగానే మీ పాపకి ఆకాశంలో సూర్యుడు కనబడ్డాడు, 'స్' వినబడలేదు. అర్థాన్ని కాసేపు పక్కన పెట్టి, ఆ మాట చెవికి ఎలా తగులుతోందో గమనించడం పిల్లలకి మెల్లగా వస్తుంది. పెద్ద ముక్కల నుంచి చిన్న ముక్కలకి వెళ్తారు. ముందు వాక్యంలో మాటలు విడిగా తెలుస్తాయి. తర్వాత మాటలో అక్షరాలు: ప-ల-క. అన్నిటికన్నా ఆఖర్న, ఆ 'ప'లోనే 'ప్' అనే హల్లూ 'అ' అనే అచ్చూ ఉన్నాయని తెలుస్తుంది. మీ పాప 'పలక'లో చివరి ముక్కని విడదీసి, గుర్తు పెట్టుకుని, దానితో మొదలయ్యే మాట వెతికి తెస్తోంది. నాలుగున్నరేళ్లకి అది చిన్న పని కాదు. బడి అడుగుతున్నది దాని తర్వాతి మెట్టు.

1974లో అమెరికాలో ఇసబెల్ లిబర్‌మన్, ఆవిడ సహచరులు ఒక ఆటతో దీన్ని పరీక్షించారు. పిల్లల చేతికి చిన్న చెక్కపుల్ల ఇచ్చి, మాటలో ఎన్ని ముక్కలుంటే బల్ల మీద అన్నిసార్లు కొట్టమన్నారు. కొంతమంది పిల్లలు సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు) లెక్కపెట్టాలి, కొంతమంది విడి ధ్వనులు లెక్కపెట్టాలి. నాలుగేళ్ల గుంపులో దాదాపు సగం మంది సిలబుల్స్ సరిగ్గా కొట్టారు. విడి ధ్వనులు కొట్టగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఐదేళ్లవాళ్లలో 17 శాతం మందికి వచ్చింది. ఒకటో తరగతి ముగిసేసరికి 70 శాతం. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్లల సంగతి ఇది. మీ పాపని ఎల్‌కేజీలో, అదీ రెండో భాషలో అడుగుతున్నారు.

ఎందుకింత కష్టం అంటారా, అద్దం ముందు నిలబడి "కీ" అనబోయి ఆగండి. తర్వాత "కూ" అనబోయి ఆగండి. గొంతులోంచి ఇంకా ఏమీ రాకముందే రెండోదానికి పెదాలు గుండ్రంగా ముడుచుకుని ఉంటాయి. హల్లు పలుకుతుండగానే అచ్చు మొదలైపోయిందన్నమాట. చెవికి చేరేది ఒకే ముక్క. అందులో రెండున్నాయని పిల్ల బుర్రతో పట్టుకోవాలి.

కోనసీమ_మాస్టారు

రిటైరయ్యేదాకా ఒకటి, రెండు తరగతులకే చెప్పాను. ఈ ఫొనెమిక్ అనే మాట మా హెడ్మాస్టరు నోట గానీ, ఇన్‌స్పెక్టరు నోట గానీ ఎప్పుడూ వినలేదు. అఆలు, గుణింతాలు, ఒత్తులు. దిద్దారు, చదివారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. లేని రోగం పేరు పెట్టి దానికి ట్యూషన్ అమ్ముకోవడం తప్ప ఇందులో ఏముందో నాకు అర్థం కాదు. "క"కి గుడి ఇస్తే "కి". ఇంతకన్నా ఏం విడదీస్తారండీ?

డల్లాస్_నాన్న

మాస్టారూ, ట్యూషన్ల సంగతిలో మీతో ఏకీభవిస్తాను. కానీ మీరు చివర్లో అన్నమాటలోనే అసలు విషయం ఉంది. "క"కి గుడి ఇస్తే "కి" అని మీరు నేర్పినప్పుడే పిల్లాడికి 'క్' విడిగా ఉందనే ఆలోచన మొదలవుతుంది. అది వాడంతట వాడు కనిపెట్టేది కాదు.

దీనికి రుజువు పోర్చుగల్ పల్లెటూళ్లలో దొరికింది. 1979లో జోసె మొరైస్ బృందం అక్కడ బడి మొహం చూడని పెద్దవాళ్లనీ, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లనీ పోల్చి చూసింది. ఇద్దరిదీ ఒకే నేపథ్యం. మాట మొదట్లో ఉన్న హల్లు తీసేసి మిగిలింది చెప్పమంటే, లేదా కొత్త హల్లు తగిలించమంటే, చదువు నేర్చుకున్నవాళ్లు చాలావరకు చెప్పగలిగారు. చదువు రానివాళ్లలో చాలామంది చెప్పలేకపోయారు. మాట్లాడటంలో వాళ్లకి ఏ లోటూ లేదు. 1986లో చైనాలో చేసిన పరిశోధన ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చైనా లిపి మాత్రమే తెలిసినవాళ్లు ఈ పని చేయలేకపోయారు, పిన్‌యిన్ (చైనా మాటల్ని ఇంగ్లీషు అక్షరాలతో రాసే పద్ధతి) కూడా నేర్చుకున్నవాళ్లు చేయగలిగారు. అంటే ఉత్త చదువు ఒక్కటే చాలదు, ధ్వనిని విడదీసి చూపించే లిపి కావాలి.

మన లిపి ఎటువైపు వస్తుందంటారు? 'కి'ని ఒకే ముక్కగా రాస్తాం, కానీ అందులో గుడి విడిగా కనబడుతుంది.

నల్గొండ_టీచర్

నేను ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీని. మాస్టారు గారి మాట కాదనలేను, కానీ ప్రతి సంవత్సరం ఒక సమస్య చూస్తున్నాను. "క కా కి కీ" అని గుణింతం మొత్తం పాటలా అప్పజెప్పే పిల్లాడుంటాడు. మధ్యలో 'కె' మీద వేలు పెట్టి ఇదేంటి అంటే మళ్లీ 'క' నుంచి మొదలుపెట్టి, వేలు దాకా వచ్చి చెప్తాడు. "మ"కి గుడి ఇస్తే ఏంటి అంటే "కి" అంటాడు. వాడికి గుణింతం నోటికి వచ్చింది, అందులో మారుతున్నది అచ్చు ఒక్కటే అని తెలియలేదు.

మన లిపిలో ఒక చిక్కుంది. 'క' అంటేనే అందులో 'అ' ఉంది, కానీ దానికి గుర్తేమీ కనబడదు (తలకట్టు అని మనం అంటాం గానీ, పిల్లాడికి అది అక్షరంలో భాగమే). గుడి ఇచ్చినప్పుడు 'అ' పోయి 'ఇ' వచ్చింది అని మనం నోటితో చెప్పం. "క"కి గుడి ఇస్తే "కి" అని మంత్రంలా చెప్పేస్తాం. నేను ఇప్పుడు అడ్డంగా కాదు, నిలువుగా చెప్పిస్తున్నాను: కి, మి, ది, లి, పి. ఆ తర్వాత కు, ము, దు, లు, పు. పుస్తకం మూసి, నోటితో మాత్రమే. "ఇప్పుడు చివర్లో ఏం వినబడుతోంది? సాగదీయండి." "కిఇఇఇ, మిఇఇఇ" అని అరుస్తారు, పక్క క్లాసు టీచర్ వచ్చి తలుపు కొడతారు.

కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ గారు చేసిన పరిశోధన 2007లో వచ్చింది. కన్నడ లిపికీ మన లిపికీ పెద్ద తేడా లేదు కాబట్టి అది మనకీ పనికొస్తుంది. అక్కడ తేలింది ఏంటంటే, అక్షరాలన్నీ పట్టుబడటానికే పిల్లలకి మూడు, నాలుగు తరగతుల దాకా పడుతోంది. అక్షరాల స్థాయిలో మాటని విడగొట్టడం ముందే వస్తోంది, విడి ధ్వనుల స్థాయి బాగా ఆలస్యంగా వస్తోంది. ఇంగ్లీషు పిల్లల వయసు పట్టికని మన పిల్లలకి అతికిస్తే అందరూ వెనకబడినవాళ్లలాగే కనబడతారు.

కోనసీమ_మాస్టారు

నిలువు గుణింతం మేమూ చెప్పించేవాళ్లం తల్లీ, దానికి ఇంత పేరుందని తెలియదు.

పాలమూరు_అంగన్‌వాడీ

మా సెంటర్‌లో అందరూ మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు. పెద్ద పెద్ద పరిశోధనలు నాకు తెలియవు, చూసింది చెప్తాను.

పేర్లకి చప్పట్లు కొట్టే ఆట పెడతాను. సు-జా-త మూడు, ర-వి రెండు. మూడేళ్లవాళ్లకి లెక్క లేదు, కొడుతూనే ఉంటారు. నాలుగేళ్లు దాటాక పట్టుకుంటారు. తమాషా ఎక్కడంటే ఒత్తు ఉన్న మాటల దగ్గర. "అమ్మ" అనమంటే ఇంకా పలక పట్టని పిల్లలు "అమ్... మ" అని కొడతారు. బడికి వెళ్లే వాళ్ల అక్కలు సాయంత్రం తీసుకెళ్లడానికి వస్తారు కదా, వాళ్లు ఊరుకోరు. "అట్ల కాదురా, అ... మ్మ" అని సరిదిద్దుతారు. రెండూ రెండు చప్పట్లే. కోసే చోటు మారింది. పుస్తకం చూశాక చెవి కూడా పుస్తకం మాటే వింటుందేమో అనిపిస్తుంది.

ఇంకోటి. "రైలు పెద్ద మాటా, సీతాకోకచిలుక పెద్ద మాటా?" అని అడగండి. రైలే పెద్దది అంటారు. ఎందుకు అంటే "రైల్లో మస్తు మంది ఎక్కుతారు టీచర్". అప్పుడు చింతగింజలు ఇచ్చి ముక్కకి ఒక గింజ పెట్టమంటాను. రై, లు: రెండు గింజలు. సీ, తా, కో, క, చి, లు, క: ఏడు గింజలు. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. కొంతమంది ఒప్పుకుంటారు. ఒకడు మాత్రం రైలు వరుసలో గుప్పెడు గింజలు పోసి "ఇప్పుడు పెద్దది" అన్నాడు.

మాటల_డాక్టరమ్మ

అక్కా, మీరు చెప్పిన "అమ్... మ", "అ... మ్మ" సంగతి బంగారం. మాట్లాడేటప్పుడు 'మ్మ' మధ్యలో విరుగుతుంది, రాసేటప్పుడు విరగదు. మనం పెద్దవాళ్లం రాతకి అలవాటుపడిపోయి "అమ్... మ" తప్పు అంటాం. తప్పు కాదు. దయచేసి ఆ వయసులో సరిదిద్దకండి.

పద్యాల_పిచ్చి

ఇంతమంది ఇంత మాట్లాడుకుంటున్నారు, మన ఛందస్సుని ఒక్కరూ తలుచుకోలేదు! నాకు పిల్లల సంగతి తెలియదు గానీ ప్రాస సంగతి తెలుసు. కంద పద్యంలో ప్రతి పాదానికీ రెండో అక్షరం కలవాలి, అదే ప్రాస. "అక్కరకు రాని చుట్టము" పద్యం తీసుకోండి. పాదాల మొదట్లో ఉన్నవి: అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. రెండో అక్షరాలు క్క, క్కి, క్కి, క్కు. అచ్చులు వేరు, అయినా ప్రాస కుదిరింది. ఎందుకంటే ప్రాసకి హల్లే లెక్క, అచ్చుతో పని లేదు. అంటే మన లాక్షణికులు అక్షరాన్ని చీల్చి, అచ్చు అవతల పడేసి, హల్లుని మాత్రమే విన్నారు. డల్లాస్ నాన్నగారూ, మన లిపి ఎటువైపో అడిగారు కదా, మన పద్యం మాత్రం రెండువైపులా ఉంది.

యతికి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడానికి) మళ్లీ అచ్చూ కావాలి. రెండో పాదంలో "మ్రొక్కిన"కి "మోహరము". మొ, మో. ఒ-ఓ మైత్రి.

ఇప్పుడు అసలు సంగతి చూడండి. పిల్లల్ని కాళ్లు చాపి కూర్చోబెట్టి ఆడించే "కాళ్లా గజ్జా కంకాళమ్మా" గుర్తుందా? వేగుల చుక్క, వెలగ మొగ్గ. మొగ్గ కాదు మోదుగ నీడ. నీడ కాదు నిమ్మల బావి. వే-వె, మొ-మో, నీ-ని. ప్రతి జంటలో హల్లు అదే, అచ్చు పొట్టీ పొడుగూ. యతి మైత్రి తప్పలేదు. ఛందస్సు పేరు కూడా తెలియని అమ్మమ్మలు రెండేళ్ల పిల్లల మోకాళ్ల మీద చెయ్యి వేసి యతి నేర్పుతున్నారు.

సిద్దిపేట_బాబాయ్

అన్నా, ఈ ఒక్క పోస్టు కోసం వందసార్లు లాగిన్ కావొచ్చు.

బెజవాడ_అమ్మ

మీ అందరికీ చాలా థాంక్స్. చదువుతుంటే కొంచెం కుదుటపడ్డాను. డాక్టరమ్మగారూ, ఒక డౌట్. అంత్యాక్షరిలో అమ్మమ్మ "పలక" అన్నప్పుడు పాప 'క'తోనే చెప్తుంది. నిన్న నేను "కాకి" చెప్పొచ్చు కదా అంటే "అది కా, క కాదు" అని పోట్లాడింది. ఇది మంచిదా చెడ్డదా?

ఇంకోటి, తను ఇప్పటికీ 'ర'ని 'ల' అంటుంది. రైలుని "లైలు" అంటుంది. బడిలో చెప్పలేకపోవడానికి ఇదే కారణమా?

మాటల_డాక్టరమ్మ

ఆ పోట్లాటే మీకు చాలా చెప్తోంది. 'క', 'కా' ఆమెకి రెండు వేరే ముక్కలు. రెండిటిలోనూ ఉన్న 'క్' ఇంకా వినబడట్లేదు. నాలుగున్నరేళ్లకి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. ఏదో ఒక రోజు తనే "పలక... కాకి! కుక్క! కోతి!" అని అన్నీ ఒకే గూట్లో వేస్తుంది, అప్పుడు హల్లు వినబడటం మొదలైందని మీకే తెలుస్తుంది. అప్పటిదాకా పాప రూలే చెల్లనివ్వండి.

ఇక "లైలు". పలకడం వేరు, వినడం వేరు. ఒక పరీక్ష చేయండి. మీరే "అదిగో లైలు" అనండి. చాలామంది పిల్లలు కోప్పడతారు: "లైలు కాదు, లైలు!" తన నోట్లో తేడా రాకపోయినా మీ నోట్లో తప్పు పట్టుకుంటుంది. అమెరికాలో 1960లో ఇలాంటి సంగతే రాశారు. 'ఫిష్' అనలేక 'ఫిస్' అనే పిల్లాడు, పెద్దవాళ్లు 'ఫిస్' అంటే ఒప్పుకోలేదు. 'ర' మన పిల్లలకి బాగా ఆలస్యంగా నాలుక తిరిగే ధ్వని. దానికీ రిపోర్టు కార్డుకీ ముడిపెట్టకండి.

డల్లాస్_నాన్న

మా ఇంట్లో కథ దీనికి తిరగబడింది. మా చిన్నది తాతని "టాటా" అంటుంది. వీడియో కాల్‌లో మా నాన్న "అప్పుడే టాటా చెప్పేస్తోందేంట్రా" అని బాధపడతారు. పుట్టినప్పుడు అందరు పిల్లలకీ త, ట తేడా వినబడుతుంది. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు కెనడాలో ఇంగ్లీషు ఇళ్ల పసిపిల్లలకి హిందీలోని ఈ రెండు ధ్వనులూ వినిపించి చూశారు. ఆరు, ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టుకున్నారు. ఏడాది దగ్గరపడేసరికి ఇంగ్లీషు పిల్లల్లో అది దాదాపు పోయింది. చుట్టూ వినబడని తేడాని చెవి వదిలేస్తుంది. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం అనుకుంటాం గానీ, రోజంతా డేకేర్‌లో వినేది వేరు.

ఫోనిక్స్ మీద ఒక మాట. ఇక్కడ మా పెద్దవాడికి బాగానే పనిచేసింది. ఇంగ్లీషులో క్యాట్, బ్యాట్, హ్యాట్ అని తోక కలిసే చిన్న మాటలు కుప్పలుగా ఉన్నాయి, పిల్లలకి ఆ తోక తొందరగా వినబడుతుంది, దాన్ని పట్టుకుని ముందున్న హల్లుని విడదీస్తారు. తెలుగులో ఆ దారి లేదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. బస్ వస్తే బస్సు, పెన్ వస్తే పెన్ను చేసుకున్నాం. చివర పొల్లు (అచ్చు లేని హల్లు) మామూలుగా నిలవదు.

నల్గొండ_టీచర్

బెజవాడ అమ్మగారి పాప దగ్గర అసలు చిక్కు ఇదే అయి ఉంటుంది. టీచర్ "క్" అంటున్నాను అనుకుంటారు, పిల్లకి "క" అని వినబడుతుంది. చాలా బడుల్లో నేను విన్నది కూడా "క... యా... ట" అనే. ఆ మూడూ కలిపితే ఎవరికైనా "కయాట" వస్తుంది గానీ క్యాట్ రాదు. ప, ట, క లాంటివి అచ్చు లేకుండా గట్టిగా పలకడం దాదాపు కుదరదు. అందుకే మొదట్లో సాగే హల్లులు తీసుకోవాలి: స్స్స్, మ్మ్మ్, న్న్న్. "మ్మ్మ్-ఆ-మ" అంటే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. తెలుగులో మొదలుపెట్టండి. మామ, మేక, మీసం, మూట. "వీటన్నిటికీ మొదట పెదాలు ఏం చేస్తున్నాయి?" అని అడగండి. మూసుకున్నాయి అంటారు. చెవికి అందనిది పెదాలకి అందుతుంది.

ఇది ఒకసారి తెలుగులో వస్తే ఇంగ్లీషుకి మళ్లీ మొదటి నుంచి నేర్పక్కర్లేదు. మా రాష్ట్రంలో 2022లో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలైంది, కేంద్రం 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. రెండిటి ఉద్దేశమూ చిన్న తరగతుల్లోనే పిల్లలకి చదవడం రావాలనే. కాగితం మీద ధ్వనుల ఆటలు ఉన్నాయి. క్లాసులో మాత్రం వర్క్‌బుక్ నింపడమే ఎక్కువ అవుతోంది, నిజం చెప్పాలంటే.

కర్నూలు_నాన్న

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మావాడికి ఏడున్నర, రెండో తరగతి. అక్షరాలు వారం వారం మర్చిపోతాడు. "మామ"కీ "మేక"కీ మొదట్లో ఒకటే వినబడుతుందా అంటే తెలియదంటాడు. చప్పట్ల ఆట కూడా తప్పుతాడు. చిన్నప్పుడు చెవిలో చీము కారేది. లెక్కల్లో, ఆటల్లో హుషారే. బడిలో "బద్ధకం" అంటున్నారు. మాకూ "ఏం పర్లేదు, ఆగండి" అంటారా?

మాటల_డాక్టరమ్మ

లేదండీ, మీకు ఆ మాట చెప్పను. నాలుగున్నరేళ్లకి విడి ధ్వని వినబడకపోవడం వేరు, ఏడున్నరేళ్లకి చప్పట్ల ఆట కూడా తప్పడం వేరు. ముందు వినికిడి పరీక్ష చేయించండి, ఈఎన్‌టీ దగ్గర. చెవిలో చీము వచ్చే పిల్లలకి వినికిడి కొన్ని రోజులు తగ్గుతుంది, కొన్ని రోజులు బాగుంటుంది. మాట్లాడుకోవడం వచ్చేస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు, సన్న తేడాలు మాత్రం జారిపోతాయి. ప్రభుత్వ బడి అయితే 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన పథకం) కింద పిల్లలకి ఉచితంగా స్క్రీనింగ్ ఉంది, వాళ్లని అడగండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడా కనుక్కోండి.

చెవి బాగుందని తేలితే అప్పుడు చదువుకి సంబంధించిన పరీక్షలు. మీ ఇంట్లో, మీ ఆవిడ వైపు, చదవడానికి బాగా కష్టపడినవాళ్లు ఉన్నారా అని అడుగుతారు, దాచకుండా చెప్పండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ చదువు ఇబ్బందుల్ని చేర్చారు కాబట్టి, అలాంటిదేమైనా ఉందని తేలితే బాబుకి కొన్ని వెసులుబాట్లు వస్తాయి. "బద్ధకం" అన్నవాళ్ల దగ్గర వాదించకండి. పరీక్ష కాగితం చూపిస్తే సరిపోతుంది.

కర్నూలు_నాన్న

సోమవారం ఈఎన్‌టీ దగ్గరకి వెళ్తున్నాం. థాంక్సండీ.

బెజవాడ_అమ్మ

డాక్టరమ్మగారూ, నా పరీక్ష ఫలితం: "లైలు కాదమ్మా, లైలు!" అని చెయ్యి నడుముకి పెట్టుకుని మరీ చెప్పింది. ట్యూషన్ వద్దని మా వారిని ఒప్పించాను. కానీ బడికి ఏం చెప్పాలి? ఇంట్లో ఏం చేయించాలి? పాటలూ ఆటలూ చాలా, అక్షరాలు కూడా చూపించాలా?

మాటల_డాక్టరమ్మ

ఆటలతో చాలా దూరం వెళ్లొచ్చు. డెన్మార్క్‌లో బోర్న్‌హోమ్ అనే దీవిలో ఇంకా బడిలో వెయ్యని ఆరేళ్ల పిల్లల చేత రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు ధ్వనుల ఆటలు ఆడించారు. అక్షరం ముక్క చూపించలేదు. ప్రాస పాటలు, చప్పట్లు, చివరికొచ్చేసరికి విడి ధ్వనులు, ఇలా ఎనిమిది నెలలు. 1988లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆ పిల్లలు తర్వాత రెండో తరగతి దాకా చదవడంలో, స్పెల్లింగ్‌లో మిగతావాళ్లకన్నా ముందున్నారు. అలాగని అక్షరాలు దాచిపెట్టక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ 1983లో చూపించింది ఏంటంటే, ధ్వనుల ఆటతోపాటు ప్లాస్టిక్ అక్షరాలు కూడా చేతికిచ్చిన పిల్లలు అందరికన్నా బాగా చదివారు. పాప పేరులోని అక్షరాలు ఫ్రిజ్ మీద అంటించండి, చాలు. దిద్దించొద్దు.

బడికి మర్యాదగా ఒక్క మాట చెప్పండి: "మిస్, మా పాపకి తెలుగులో అక్షరాల స్థాయిలో అన్నీ వస్తున్నాయి, విడి ధ్వనుల దగ్గరికి వచ్చే ఏడాది వస్తుంది, ఇప్పుడు స్, మ్ లాంటి సాగే వాటితో ఆడించగలరా?" వాళ్లు పట్టించుకోకపోయినా మీరు ఆడించండి. సైకిల్ మీద, బస్సులో, పప్పు తాళింపు వేస్తూ. కూర్చోబెట్టి మాత్రం కాదు.

కోనసీమ_మాస్టారు

ఇన్ని ఆటలు చెప్పారు, 'క' భాష ఎవరూ చెప్పలేదేం? మా పిల్లలు రెండో తరగతికి వచ్చారంటే నాకు అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి అదే. ప్రతి అక్షరం ముందూ 'క'. "నువ్వు రా" అనాలంటే "కనుకవ్వు కరా". నేను విననట్టు నటించేవాణ్ణి. అంత వేగంగా మాటని ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ ఇంకోటి తగిలించి, మళ్లీ కలిపేవాళ్లు. చదవడంలో వెనకబడ్డవాడెవడూ ఆ భాషలో దిట్టగా ఉండటం నేను చూడలేదు.

పాలమూరు_అంగన్‌వాడీ

మాస్టారూ, మా దగ్గర కూడా ఉంది. అయితే మీరు "కనుకవ్వు" అన్నారు, అంటే ను-వ్వు. అది అఆలు వచ్చిన పిల్లల కోత. మా సెంటర్ పిల్లలు వాళ్ల అక్కల్ని చూసి నేర్చుకుంటారు కదా, ఐదేళ్ల పిల్ల ఒకతి "కనువ్ కవు" అంటుంది. వాళ్లక్క రోజూ తిడుతుంది, ఇది మారదు.

పద్యాల_పిచ్చి

"అమ్మ"ని ఆ పాప ఏమంటుందో అడిగి చెప్పండక్కా. "కఅకమ్మ" అంటుందా, "కఅమ్ కమ" అంటుందా?

పాలమూరు_అంగన్‌వాడీ

రేపు సెంటర్ తీశాక అడిగి రాస్తాను.